జుబేదా తెచ్చిన నీళ్లు

అరఫాత్ మైదానంలో జబల్ అల్ రహ్మా కొండ కింద ఓ పాత రాతి కట్టడం ఉంది. కొండ అంచును పట్టుకుని వంపులు తిరుగుతూ పోతుంది. హజ్ రోజుల్లో లక్షల జనం మధ్య దాన్ని ఎవరూ పట్టించుకోరు. మామూలు రోజుల్లో జియారత్‌కు వెళ్లినవాళ్లు కూడా కొండెక్కి ఫొటోలు దిగి, ఒంటెలను చూసి వచ్చేస్తారు. 2023 మే నెలలో మా అమ్మను అక్కడికి తీసుకెళ్లినప్పుడు తను కొండకన్నా ముందు ఆ కట్టడం దగ్గరే ఆగిపోయింది. ఇది ప్రహరీగోడ కాదు, కాలవ అని నాకు చెప్పింది. జెద్దాలో పదకొండేళ్లుగా ఉంటున్న నాకు తెలియని సంగతి, ఆదోని పక్క పల్లె నుంచి వచ్చి నాలుగు రోజులైనా కాని మనిషికి తెలిసింది. మాది నీళ్లు లేని సీమ. మావాళ్లకు పిచ్చిమొక్కల కింద పూడిపోయిన కాలవైనా కంటికి ఆనుతుంది.

ఆ కాలవ పేరు ఐన్ జుబేదా. అంటే జుబేదా ఊట. ఆమె కథ అమ్మకు చెప్పాల్సి వచ్చి నేను చదువుకున్నాను. ఎందుకు చెప్పాల్సి వచ్చిందో ముందు చెప్తాను.

అమ్మకు అప్పటికి అరవై రెండేళ్లు. నాన్న పోయి చాలా కాలమైంది. కొడుకులు లేరు. హజ్‌కు గానీ ఉమ్రాకు గానీ వెళ్లమని ఎవరన్నా, తోడు రావడానికి మగబిడ్డ లేడు కదా అని మాట దాటేసేది. ఆడవాళ్లు మహ్రమ్ లేకుండా వచ్చే వీలు కలిగాక, విజిట్ వీసా తీసి మేమే రప్పించాం. ఆదోని నుంచి రాత్రి బస్సు, హైదరాబాద్ నుంచి విమానం. విమానంలోనే ఇహ్రామ్ నియ్యత్ చేసుకుని దిగింది. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా కారులో మక్కాకు, దాదాపు ఎనభై కిలోమీటర్లు. తవాఫ్ ఏడు చుట్లూ బాగానే తిరిగింది. సయీలో ఐదో విడతలో, మర్వా ఇంకా కొంచెం దూరం ఉందనగా నా చెయ్యి పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయింది. కళ్లు తేలేసింది. ఒళ్లు పొడిగా, వేడిగా ఉంది. పక్కన నడుస్తున్న ఒకామె, ఏ దేశమో తెలియదు, జమ్‌జమ్ గ్లాసు తెచ్చి అమ్మ పెదాలకు ఆనించింది. నాలుగు గ్లాసులు తాగాక గానీ మనిషి ఈ లోకంలోకి రాలేదు. మిగతా విడతలు వీల్‌చైర్‌లో పూర్తి చేయించాం.

రాత్రి గదిలో నిదానంగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆదోనిలో బస్సెక్కింది మొదలు దాదాపు నీళ్లే తాగలేదు. బస్సు ఆపమని డ్రైవర్‌ను ఎలా అడగాలి, విమానంలో ఆ చిన్న గదిలోకి ఎలా వెళ్లాలి, కారు ఆపమని అల్లుడికి ఎలా చెప్పాలి, హరమ్‌లో వజూ పోతే మళ్లీ అంత దూరం ఎలా నడవాలి. అన్నిటికీ కలిపి ఒకటే ఉపాయం చేసుకుంది. గొంతు ఎండబెట్టుకుంది.

ఇది మా అమ్మ ఒక్కదాని సంగతి కాదని తర్వాత తెలిసింది. మన వైపు నుంచి వచ్చే ఆడవాళ్లలో ఎంతమందిని అడిగినా తల వంచుకుని ఇదే చెప్పారు. అందుకే ఆ వారం అరఫాత్‌లో అమ్మ ఆ కాలవ దగ్గర ఆగినప్పుడు, దాన్ని తవ్వించింది ఒక ఆడమనిషని, తవ్వించింది ఇక్కడికి వచ్చేవాళ్లు దాహంతో పడిపోకూడదనేనని చెప్పాలనిపించింది.

చిన్నప్పుడు అరేబియన్ నైట్స్ కథలు చదివినవాళ్లకు ఖలీఫా హారూన్ అల్ రషీద్ గుర్తుండే ఉంటాడు. రాత్రుళ్లు మారువేషంలో బాగ్దాద్ వీధుల్లో తిరుగుతాడు. ఆ కథల్లో అక్కడక్కడా కనపడే రాణి జుబేదా. కథల్లో ఆమెకు అసూయ పడటం, అలగటం తప్ప పెద్ద పని ఉండదు. చరిత్రలో ఉన్న జుబేదా వేరే మనిషి.

ఆమె బాగ్దాద్ నగరాన్ని 762లో కట్టించిన ఖలీఫా అల్ మన్సూర్‌కు మనవరాలు. అసలు పేరు వేరే ఉంది. బొద్దుగా, తెల్లగా ఉన్న పాపను చూసి తాతే వెన్నముద్ద అనే అర్థంలో జుబేదా అని ముద్దుపేరు పెట్టాడంటారు. ఆ ముద్దుపేరే పన్నెండు వందల ఏళ్లు నిలిచింది. 781లో తండ్రి సోదరుడి కొడుకు హారూన్‌తో పెళ్లయింది. ఐదేళ్లకు హారూన్ ఖలీఫా అయ్యాడు. మరుసటేడు ఆమెకు అమీన్ పుట్టాడు. తండ్రి వైపూ తల్లి వైపూ అబ్బాసీ రాజవంశమే కావడం ఆ వంశపు ఖలీఫాల్లో అమీన్‌కే దక్కిన గొప్ప. అతనికన్నా కొద్ది నెలల ముందు ఒక పారశీక దాసికి హారూన్ వల్ల పుట్టినవాడు మామూన్. ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

జుబేదా వైభోగం గురించి ఆనాటి రాతలు చదువుతుంటే కళ్లు తిరుగుతాయి. చెప్పులకు రత్నాలు కుట్టించుకున్నది ఆమేనని, నగల బరువుకు ఇద్దరు పట్టుకుంటే గానీ నిలబడలేకపోయేదని రాశారు. వెండితో, చందనం చెక్కతో చేసిన పల్లకీలు. అంబరు కొవ్వొత్తులు. అదే ఇంట్లో ఖురాన్ కంఠస్థం వచ్చిన వందమంది దాసీలు వంతులవారీగా పారాయణం చేస్తుండేవారట. బయట నడిచేవాళ్లకు ఆ భవనం తేనెపట్టులా రొద పెడుతూ వినపడేదని ఇబ్న్ ఖల్లికాన్ రాశాడు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో నాకు అర్థం కాదు. ఇమిడాయి, అంతే.

అలాంటి మనిషి హజ్‌కు బయల్దేరింది. ఒకసారి కాదు, పలుమార్లు. ఇరాక్ నుంచి మక్కాకు ఎడారి మీదుగా పద్నాలుగు వందల కిలోమీటర్ల దారి. మక్కా చేరాక కూడా సుఖం లేదు. ఆ లోయలో వ్యవసాయం లేదు, ఏరు లేదు. జమ్‌జమ్ బావి, కొన్ని చిన్న బావులు, వాన పడితే నిండే తొట్లు. కరువు వచ్చిన ఏడు అక్కడ ఒక తోలుతిత్తి నీళ్లు ఒక బంగారు దీనారు పలికాయని రాశారు. రాణిగారికి దీనారు లెక్కేముంది. కానీ ఆమె వెంట నడిచి వచ్చిన జనానికి, వాళ్లలో ఆడవాళ్లకు, చంకలో బిడ్డలున్నవాళ్లకు ఆ దీనారు ఎక్కడి నుంచి వస్తుంది?

జుబేదా నీటిపని తెలిసినవాళ్లను పిలిపించింది. తాయిఫ్ దారిలో హునైన్ దగ్గర ఊటలున్నాయి. ఆ నీళ్లతో పారే తోటల భూమిని కొనేసి, నీటిని మక్కా వైపు మళ్లించాలన్నది ఒక పని. తాయిఫ్ కొండల కింది నుమాన్ లోయలో నీటిని పట్టి అరఫాత్‌కు తేవాలన్నది రెండోది. అడ్డంగా కొండలున్నాయి. రాయి తొలవాలి. ఖర్చు మోయలేమని ఖజానా చూసేవాళ్లు భయపెట్టారట. ప్రతి గునపం పోటుకూ ఒక దీనారు అయినా సరే, పని ఆగకూడదని ఆమె చెప్పిందని మక్కాలో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. చరిత్రకారుడు అల్ మసూదీ ఇచ్చిన లెక్క పదిహేడు లక్షల దీనార్లు. దీనారు నాలుగు గ్రాముల పైచిలుకు బంగారం. అంటే ఏడు టన్నులు. జెద్దా బలద్ బజారులో గ్రాము రేటు చూసి, రేపు చూద్దాంలే అని వెనక్కి తిరిగే మనలాంటివాళ్లం ఆ లెక్కను ఊహించను కూడా ఊహించలేం.

పని ముగిశాక లెక్కల పుస్తకాలు పట్టుకొస్తే, వాటిని తెరవకుండా టైగ్రిస్ నదిలో వేయించిందని మరో కథ. ఆ లెక్క లెక్కల రోజున చూసుకుంటానందట. ఇది జరిగిందో లేదో గానీ, కాంట్రాక్టుల సంగతి తెలిసిన మా ఆయనకు మాత్రం ఈ ముక్క అస్సలు నచ్చలేదు. పుస్తకాలు చూడాల్సిందే అంటాడు.

అమ్మకు ఈ కథలకన్నా కాలవ ఎలా నడిచిందన్నదే ముఖ్యం. మోటార్లు లేని కాలంలో అంత దూరం నీళ్లు ఎలా వచ్చాయని అడిగింది. వాలు పట్టి తెచ్చారు. నేల అడుగున, నీటి మట్టం దొరికే చోట మొదలుపెట్టి, కొద్దికొద్దిగా వాలు తగ్గించుకుంటూ, ఎక్కువ భాగం భూమి లోపలే, కొండ వచ్చిన చోట దాని అంచు వెంట పైన రాతి కాలవగా. మధ్యమధ్య మనిషి దిగి పూడిక తీయడానికి బావుల్లాంటి గుంతలు. ఎండకు ఆవిరి కాకుండా పైన మూత. అంతా విని అమ్మ మా కంభం చెరువు మాట ఎత్తింది. కంభం చెరువును కృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని మా వైపు చెప్పుకుంటారు. నీళ్ల కోసం పుట్టింటి నుంచి మెట్టినింటికి వచ్చిన ఆడది మాట్లాడాల్సిందే, మోసేది తనే కదా అన్నది అమ్మ లెక్క.

కాలవతో ఆగలేదు. కూఫా నుంచి మక్కా దాకా ఉన్న హజ్ దారి పొడుగునా జుబేదా తొట్లు, బావులు, బసలు కట్టించింది. దారి అంతకు ముందే ఉంది. అబ్బాసీ ఖలీఫాలు మైలురాళ్లు పాతించారు, కొన్ని బసలు కట్టారు. అయినా ఆ దారికి పేరు ఆమెదే మిగిలింది, దర్బ్ జుబేదా. పెద్ద మజిలీలు ఇరవై ఏడు, వాటి నడుమ చిన్నవి మరో ఇరవై ఏడు. ఉత్తర సౌదీలో ఆ తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. గుండ్రంగా కొన్ని, చదరంగా కొన్ని, లోపలికి మెట్లతో. చాలావాటికి పక్కనే చిన్న తొట్టి ఒకటి. వాన నీరు ముందు దాంట్లో పడి, మడ్డి అడుక్కు తేరాక, తేటనీరు పెద్ద తొట్టిలోకి పోతుంది. వాన బాగా పడిన ఏడు ఇప్పటికీ కొన్నిటిలో నీళ్లు నిలుస్తాయి.

ఇక ఆ ఇద్దరు కొడుకుల సంగతి. 802లో హారూన్ హజ్‌కు వచ్చినప్పుడు, తన తర్వాత అమీన్, అతని తర్వాత మామూన్ ఖలీఫాలు కావాలని ఒప్పంద పత్రాలు రాయించి, ఇద్దరితో ప్రమాణాలు చేయించి, కాబాలో వేలాడదీయించాడు. 809లో హారూన్ కన్నుమూశాడు. రెండేళ్లు తిరక్కుండా అన్నదమ్ములు కత్తులు దూశారు. మామూన్ సేనలు బాగ్దాద్‌ను ముట్టడించాయి. 813లో అమీన్‌ను పట్టుకుని చంపేశారు. కాబాలో కట్టిన కాగితం పదేళ్లు కూడా నిలవలేదు. ఆమె తవ్వించిన కాలవ, మరమ్మతులతో, 20వ శతాబ్దం దాకా పారింది.

ఒక్కగానొక్క కొడుకు. రక్తానికి బదులు తీర్చుకొమ్మని ఆమెను రెచ్చగొట్టినవాళ్లున్నారు. కావాలనుకుంటే ఆమె పేరు మీద సైన్యం కదిలేది. ఆమె కాదంది. మామూన్‌కు తన గోడు రాసి పంపింది. అతను ఏడ్చాడంటారు. ఆస్తులు తిరిగి ఇచ్చాడు, తల్లిలాగే చూశాడు. సవతి కొడుకు చేతుల్లో కన్నకొడుకును పోగొట్టుకుని, అతని నీడలోనే ఇంకా పద్దెనిమిదేళ్లు బతికింది.

ఆ పద్దెనిమిదేళ్లలో ఒక ఘట్టం నాకు మరీ ఇష్టం. 825లో మామూన్ తన మంత్రి కూతురు బూరాన్‌ను పెళ్లి చేసుకున్నాడు. అంత ఆడంబరమైన పెళ్లి ఆ రోజుల్లో ఇంకోటి లేదంటారు. జుబేదా కూడా వెళ్లింది. ఏం కావాలో కోరుకోమని మామూన్ పెళ్లికూతురిని అడిగితే, ఆ అమ్మాయి రెండు కోరింది. ఒకటి, తిరుగుబాటు చేసిన అతని చిన్నాన్న ఇబ్రహీంను క్షమించాలి. రెండు, జుబేదాకు హజ్‌కు వెళ్లడానికి అనుమతి ఇవ్వాలి. మామూన్ రెండూ ఒప్పుకున్నాడు. జుబేదా ఆనందం పట్టలేక, ఉమయ్యద్‌ల కాలం నుంచి వచ్చిన అపురూపమైన అంగీని పెళ్లికూతురికి తొడిగింది.

మళ్లీ చదవండి. మక్కాకు నీళ్లు తెచ్చిన మనిషి. దారంతా తొట్లు కట్టించిన మనిషి. ఆ దారిన తనే వెళ్లడానికి అనుమతి కావాల్సి వచ్చింది. అది కూడా కొత్త పెళ్లికూతురు అడిగితే దొరికింది. ఇది చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కొడుకు లేడు కదా అంటూ గడిపిన ఏళ్లు తనకు గుర్తొచ్చి ఉంటాయి.

జుబేదా 831లో బాగ్దాద్‌లో కన్నుమూసింది. అక్కడ శంఖంలాంటి గోపురంతో ఒక సమాధిని ఆమెదని చూపిస్తారు గానీ, అది దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత పోయిన జుమురుద్ ఖాతూన్ అనే మరో రాజమాతది. మక్కాలో కాలవ మాత్రం ఎవరూ పొరపడకుండా ఆమె పేరుతోనే ఉంది. 16వ శతాబ్దంలో అది పూడిపోతే, ఆటోమన్ సుల్తాన్ సులేమాన్ కూతురు మిహ్రిమా ఖర్చు పెట్టుకుని బాగు చేయించింది. మళ్లీ ఆడమనిషే. మన హైదరాబాద్ నిజాములు కూడా మక్కాలో రుబాత్‌లనే బసలు ఏర్పాటు చేశారు. పాత హైదరాబాద్ సంస్థానం జిల్లాల హాజీల కోసం అవి. మా ఆదోని దత్తమండలాల్లో పోయింది కాబట్టి మాకు ఆ భాగ్యం లేదు. అమ్మ ఈ మాట విని 1800లో నిజాం చేసిన పనికి ఇప్పుడు తిట్టిపోసింది.

ఊరికి వెళ్లాక అమ్మ కొత్త పని పెట్టుకుంది. చుట్టుపక్కల నుంచి ఉమ్రాకో హజ్‌కో బయల్దేరే ఆడవాళ్లు ఇంటికొచ్చి అడుగుతారు, అమ్మ చెబుతుంది. తనకు తెలియనివి నాకు ఫోన్ చేసి అడుగుతుంది. మొదటి మాట ఎప్పుడూ నీళ్లే. బస్సులో తాగండి, విమానంలో తాగండి, మగవాళ్లకు చెప్పి బండి ఆపించండి. హరమ్ బయటి ఆవరణలో ఆడవాళ్ల మరుగుదొడ్లు ఉన్నాయి, చేరగానే అవెక్కడో ముందు చూసి పెట్టుకోండి. అజాన్‌కు ముందు రద్దీ, నమాజు అయిన కాసేపటికి ఖాళీ. తవాఫ్ మధ్యలో వజూ పోతే భయం లేదు, చేసుకుని వచ్చి కొనసాగించవచ్చు. సయీకి వజూ ఉంటే మంచిదే గానీ, లేకపోతే చెల్లదని కాదు. అరఫాత్‌లో మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా ఎండలో ఉండేది, అక్కడ దాహం దాచుకోవడం ప్రాణంతో ఆట.

నెలసరి గురించి మా అమ్మ తరం నోరు విప్పదు. ఆ భాగం నేను ఫోన్లో చెబుతాను. నెలసరి వస్తే యాత్ర చెడిపోదు. హజ్‌లో అరఫాత్, ముజ్దలిఫా, మినా అన్నీ చేయవచ్చు, తవాఫ్ ఒక్కటి ఆపి శుద్ధి అయ్యాక చేయాలి. వీడ్కోలు తవాఫ్ అయితే ఆమెకు మినహాయింపే ఉంది. అందుకని తిరుగు టికెట్ రెండు మూడు రోజులు వెసులుబాటుతో తీసుకోవాలి. మాత్రలు వాడాలనుకుంటే ఇక్కడికొచ్చాక మందుల షాపులో కాదు, ఊళ్లోనే డాక్టరమ్మను ముందుగా అడగాలి. ధర్మసందేహాలకు మీ ఊరి ఆలిమ్ ఉన్నారు.

బట్టల విషయంలో కొందరు తెల్లవే ఉండాలనుకుని కొత్తవి కుట్టించుకుంటారు. ఆడవాళ్ల ఇహ్రామ్‌కు అలాంటి నియమం లేదు. ఒళ్లు కప్పే, నడకకు అడ్డం రాని మామూలు బట్టలు చాలు. ఇహ్రామ్‌లో నిఖాబ్ కట్టకూడదు, గ్లౌజులు తొడగకూడదు. సయీలో పచ్చ లైట్ల మధ్య మగవాళ్లు పరుగెత్తుతారు, మనం నడిస్తే చాలు. ఇది నాకు ఎప్పుడూ చిత్రంగా ఉంటుంది. అక్కడ మొదట పరుగెత్తింది హాజరమ్మ, బిడ్డకు నీళ్ల కోసం. నల్లరాయిని తాకాలని గుంపులో దూరి పక్కటెముకలు నొప్పెట్టించుకోవద్దు, దూరం నుంచి చెయ్యెత్తి చూపితే సరిపోతుంది. మదీనాలో రౌజాకు నుసుక్ యాప్‌లో ముందే సమయం తీసుకోవాలి, ఆడవాళ్ల వేళలు వేరు. హోటల్ పేరు, మన ఫోన్ నంబరు అరబ్బీలో రాసిన కాగితం ఆమె సంచిలోనే ఉండాలి, మగవాళ్ల జేబులో కాదు.

తోడు విషయం. 2018 హజ్ నుంచి మన ప్రభుత్వం 45 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు మహ్రమ్ లేకుండా జట్టుగా వెళ్లే వీలిచ్చింది. 2022లో సౌదీ మంత్రి మహ్రమ్ తప్పనిసరి కాదని ప్రకటించారు. నిబంధనలు ఏటా మారుతుంటాయి, దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏటివి చూసుకోవాలి.

వచ్చే శుక్రవారం ఆదోని నుంచి ముగ్గురు వస్తున్నారు. ముగ్గురూ భర్తలు పోయినవాళ్లే, ఒకామెకు డెబ్బై. విమానం దిగేటప్పటికి వాళ్లు ఎన్ని సీసాల నీళ్లు తాగారో అడిగి తనకు చెప్పమని అమ్మ నిన్న ఫోన్ చేసింది. అరఫాత్‌లో ఆ కాలవ దగ్గర కారు తప్పకుండా ఆపమని కూడా చెప్పింది.